డ్రైవ్ కనబడని రోజులు

ఆ టైపింగ్ అమ్మాయికి తన కంప్యూటర్ మీద ఉన్నది కోపమా, ఇష్టమా అంటే చెప్పడం కష్టం. ఇంట్లోనే కూర్చుని ప్రెస్సువాళ్లకు పుస్తకాలు టైపు చేసిపెట్టే పిల్ల. పొద్దున్నే స్విచ్ నొక్కితే ఒక్కోరోజు చక్కగా తెరుచుకునేది. ఒక్కోరోజు నల్లటి తెర మీద ‘డ్రైవ్ కనబడలేదు’ అని రెండు ముక్కలు పడేసి ఊరుకునేది. ఆపి మళ్లీ నొక్కితే, ఇంకోసారి నొక్కితే, ఏమీ ఎరగనట్టు వచ్చేసేది.

విసుగెత్తి ఫోను చేస్తే మెకానిక్ వచ్చేవాడు. అతని ముందు మాత్రం మొదటి నొక్కుకే తెరుచుకునేది మహాతల్లి.

“బాగానే ఉంది కదండీ.”

“పొద్దున లేదండీ! నేను అబద్ధం చెప్తానా?”

“మీరు చెప్పరు. ఇదే చెప్తోంది.”

గంట పనిని రెండు గంటలు చేసేవాడతను. ఆ పిల్ల తల్లి అతనికి ‘నిదానం’ అని పేరు కూడా పెట్టేసింది. నాలుగు నెలల్లో ఆరుసార్లు వచ్చాడు. డ్రైవ్ పరీక్షించాడు, బాగుంది. వైర్లు లాగి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. చివరికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, “రోజూ రాయండి. వచ్చిందా, రాలేదా, ఎన్నోసారికి వచ్చింది” అన్నాడు.

రాసేది పాపం, బడిపిల్లలా. అతను వెళ్లాక అతని చేతులు ఆనిన చోటే బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. వీధిలో బండి ఆగితే చాలు, కిటికీలోంచి తొంగిచూసేది. మెషిన్ బాగుపడాలని ఒక మనసు, అప్పుడే బాగుపడకూడదని ఒక మనసు.

ఏడోసారి ఒక గురువారం వచ్చాడు, వానలో తడిసి.

“సోమవారం నుంచి నన్ను వేరే ఊరి బ్రాంచికి వేశారండీ. వెళ్లేలోపు దీని సంగతి తేల్చేస్తాను.”

“ఎంత దూరం?” అందామె.

“బస్సులో అయిదు గంటలు.”

ఆ పిల్ల తువ్వాలు తెచ్చిచ్చింది. అతను తల తుడుచుకుని, నోటుపుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

“రాని రోజులన్నీ బుధవారం, శనివారమే. ఆ రోజుల్లో ఈ గదిలో ఏం జరుగుతుందండీ?”

“ఏం జరగదు. అమ్మ నేల తుడుస్తుంది, అంతే.”

అతను కంప్యూటర్ పెట్టె విప్పి, జరిపి, మళ్లీ చూశాడు. డ్రైవ్‌కి కరెంటిచ్చే వైరు పైకి గట్టిగానే ఉంది కానీ, దాని మూతి లోపల పిన్ను వదులు. పెట్టె కదిలినప్పుడల్లా వెంట్రుకవాసి జారుతోంది.

“ఆంటీ, తుడిచేటప్పుడు దీన్ని జరుపుతారా?”

తల్లి గుమ్మంలోకొచ్చింది. “జరపకపోతే దుమ్మెలా పోతుంది నాయనా? జరిపితే ఇది మొరాయిస్తుందని నాకు రెండో నెలలోనే తెలుసు. మొరాయిస్తే నీకు ఫోను వెళ్తుంది. నువ్వొస్తే మా పిల్ల మొహం చూడాలి! అంతకుముందు వారానికి ఒక్కసారే తుడిచేదాన్ని.”

“అమ్మా! నా పని ఆగిపోతే?”

“మూడోసారి నొక్కితే వస్తోందిగా! ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోనివి మీ ఇద్దరి నోళ్లే” అనేసి, పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అతను కొత్త వైరు వేశాడు. పెట్టెను అటూ ఇటూ జరిపి పదిసార్లు స్విచ్ నొక్కాడు. పదిసార్లూ తెరుచుకుంది. ప్రతిసారీ ఆ పిల్ల గుండె కొంచెం కిందికి జారింది.

“ఇక తిరగబెట్టదండీ,” అన్నాడు తెర వైపే చూస్తూ. “దీనికి ఇక నాతో పని లేదు.”

“నాకుంది.”

అతని చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. “నేను వెళ్లేది చాలా దూరమండీ.”

“టైపు చెయ్యడానికి ఏ ఊరైతేనేం?”

అతను స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేసి, మెల్లగా, “ఆదివారం మా అమ్మానాన్నల్ని తీసుకురానా?” అన్నాడు.

ఆమె తలూపేలోపే వంటింట్లోంచి జవాబొచ్చింది.

“పొద్దున్నే రమ్మనవే!”