పది యూనిట్లు

ఒంటిపూట బడి వదిలి సుజిత ఇల్లు చేరేసరికి తండ్రి యిర్మియా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఆ వేళకు నిద్రలో ఉండాలి.

"మొగిలి కాలు విరిగింది బిడ్డా. నా వల్లనే," అన్నాడు.

మొగిలి పక్క క్వార్టర్ మనిషి. బొగ్గుబాయిలో పట్టాల మీద నడిచే టబ్బులు ఆగడానికి గంట కొట్టడం యిర్మియా పని. తెల్లవారుజామున ఆయనకు కునుకు పట్టింది. గంట కొట్టడం ఆలస్యమై, ఆగని టబ్బు మొగిలి కాలికి తగిలింది.

"డ్యూటీల ఎప్పుడూ నిద్రపోవు కదా డాడీ!"

"మూడు దినాల నుంచి పొద్దటి పూట కరెంటే ఉంటలేదు. కూలర్ లేదు, ఫ్యాన్ లేదు. ఉక్కకు ఇంట్ల నిద్రే పడ్తలేదు. రేపు ఎంక్వైరీ. నిద్రపోయిన అనే చెప్త."

సుజిత చూపు గోడనున్న ప్లగ్గు మీద నిలిచింది. అది జాన్ ప్రసాద్ మామ హైదరాబాద్ నుంచి తెచ్చిన టైమర్. పెట్టిన వేళకు దానంతట అదే కరెంటు ఆపుతుంది, మళ్లీ ఇస్తుంది. కూలరూ ఫ్యానూ దానికే ఉన్నాయి.

ఇంట్లో ఎవరూ లేకున్నా కూలర్ తిరుగుతూనే ఉంటోందని, పోయిన వారం సుజితే దాన్ని ఎనిమిది నుంచి పన్నెండున్నర వరకు ఆగేటట్లు పెట్టింది. అప్పుడు డాడీది మొదటి షిఫ్టు. అమ్మ కుట్టుపనికి పోతుంది. ఇల్లు నిజంగానే ఖాళీ. సైన్స్ టీచర్‌కు చూపడానికి చార్టు కూడా రాసింది: పది రోజులు, పది యూనిట్లు, ఆ కరెంటుకు కాలే ఏడు కిలోల బొగ్గు ఆదా.

సోమవారం డాడీకి రాత్రి షిఫ్టు పడింది. టైమర్‌కు ఆ సంగతి తెలియదు. తెలిసిన సుజిత మరిచిపోయింది.

ఆ సంగతి డాడీకి చెప్పలేదు. కుట్టుపని నుంచి వచ్చిన అమ్మ మొగిలి కోసం ఇచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకొని దవాఖానకు నడిచింది.

మొగిలి కాలికి తొడదాకా కట్టు ఉంది. భార్య సారవ్వ డబ్బా అందుకోలేదు.

"మీ నాయన నిద్రకు నా మొగని కాలు పోయె. ఇప్పుడు బువ్వ పంపిండా?"

"ఊకో సారవ్వా," అన్నాడు మొగిలి. "పోరి ఏం చేసింది?"

"నేనే చేసిన కాకా," అంది సుజిత. టైమర్ సంగతి మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ కట్టు వైపు చూడలేకపోయింది.

సారవ్వ దుప్పటి లాగి ఆ కట్టు మీద కప్పింది.

"మీ డాడీకి చెప్పినవా?" అడిగాడు మొగిలి.

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవే? జల్ది ఇంటికి పో."

ఎండలో వెనక్కి నడిచింది. యిర్మియా ఇంకా గోడకు ఆనుకొనే ఉన్నాడు.

"డాడీ, కరెంటు పోలే. నేనే బంద్ చేసిన."

ఆయన అంతా విన్నాడు. "అయినా గంట కాడ ఉన్నది నేనే కదా బిడ్డా," అన్నాడు.

"రేపు ఎంక్వైరీకి నేనూ వస్త."

"చిన్నపోరివి. నిన్నెవరడుగుతరు?"

"అడగకున్నా చెప్త," అంది సుజిత.