ఏడో నంబరు కాలి మీద కాటుక

“పప్పులో పంచదారా?!”

మహిత గరిటె ఠక్కున కింద పెడుతుంది.

“చిటికెడే కదేటి, మరదలా! ఇరవయ్యేళ్ళు కలకత్తాలో ఉంటే నాలిక మారదేటి?” రోజారాణి మూతి తిప్పుతుంది. “మీ బెజవాడ కారం తింటే మా పేగులు మాడిపోతాయి.”

“అక్కా, ఇక ఆపవే! ఆఖరి రేసు కూడా అయిపోతుంది!” రమణబాబు చెప్పులేసుకుంటూ అరుస్తాడు.

రమణబాబు, మహిత రెండ్రోజులకని అక్క ఇంటికి కలకత్తా వచ్చారు. బావ గోవిందరాజు రేస్‌కోర్స్‌లో గుర్రాల కాపరి. ఒక్క రేసైనా చూడకుండా వెళ్ళేది లేదని రమణబాబు పట్టు.

మహిత కిటికీ మూయబోతుంది.

ఆగుతుంది.

కింద ఏక్‌బాల్‌పూర్ సందులో ఒక మనిషి. గోధుమరంగు జాకెట్. వాడి చూపు సరిగ్గా ఈ కిటికీ మీదే!

“వదినా... ఎవరతను?”

“ఎవరో.”

రోజారాణి కనీసం తొంగి కూడా చూడలేదు. చూడకుండా ఎలా చెప్పింది?

“నువ్వూ రావొచ్చుగా?”

“నాకు వంటుంది. మీరెల్లండి.”

* * *

డిసెంబరు. ఐదు కాకుండానే చీకటి. మంచులో రేస్‌కోర్స్ లైట్లు మసగ్గా వెలుగుతున్నాయి.

రేసుకి ముందు గుర్రాల్ని కంచె లోపల గుండ్రంగా నడిపిస్తున్నారు. ఏడో నంబరు గుర్రం కళ్ళెం గోవిందరాజు చేతిలో ఉంది.

“ఏడా? ఈ సీజన్‌లో ఒక్కటీ గెలవలేదు!” పక్కనెవరో హిందీలో నవ్వుతున్నారు.

మహిత నవ్వదు. గుర్రం వెనక కాలి వైపే చూస్తోంది.

గిట్ట పైన తెల్ల మచ్చ. దాని మీద... నల్లటి చుక్క!

కాటుక!

పొద్దున లాయంలో చూసిందే. “నా చంద్రిక, చెల్లమ్మా! పసిపిల్లకి పెట్టినట్టే దీనికీ దిష్టి చుక్క పెడతాను” అన్నాడు గోవిందరాజు. ఆ గుర్రం మెరుపులా పరిగెడుతుందట. కానీ ఈరోజు రేసులో లేదు.

మరి ఇదేమిటి?!

గోవిందరాజు దగ్గరగా వస్తాడు. మహిత కంచె మీదకి వంగుతుంది.

“అన్నయ్యా... ఇది చంద్రికే కదూ?”

అతని మొహంలో నెత్తురు లేదు.

“నోరెత్తకు, చెల్లమ్మా!”

“పందెం డబ్బు కోసం గుర్రాన్ని మార్చారా?”

“నా ఇష్టమేటి? మాటినకపోతే రోజాని సంపేస్తామన్నారు పందేలోళ్ళు... ఇంటి కాడ కూడా ఆళ్ళ మనిసున్నాడు!”

గోధుమరంగు జాకెట్!



“మరి ఆ చుక్కెందుకు పెట్టావ్?! దాంతోనే దొరికిపోతావు కదా!”

“సెయ్యి ఊరుకోలేదు... దిష్టి తగులుతాది కదా...”

మహిత ఫోన్ తీస్తుంది. వదిన నంబరు.

రింగ్... రింగ్... ఎత్తడం లేదు.

మళ్ళీ... ఎత్తడం లేదు!

“ఫోనెత్తట్లేదు, అన్నయ్యా!”

జాకీ ఎక్కాక గుర్రం ట్రాక్ మీదకి వెళ్ళిందో లేదో, గోవిందరాజు కంచె దూకుతాడు. రమణబాబుతో కలిసి ముగ్గురూ పరుగు!

పసుపుపచ్చ టాక్సీ.

“ఏక్‌బాల్‌పూర్! జల్దీ, డ్రైవర్ దాదా!”

వెనక ఒక్కసారిగా జనం హోరు. ఎవరు గెలిచారు? ఎవరికి కావాలి!

ఖిదిర్‌పూర్ దగ్గర జామ్. లారీలు. హారన్లు. గోవిందరాజు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “నా రోజా... నా రోజా...”

“దిగండి!” మహిత తలుపు తోసేస్తుంది.

సందు. మలుపు. మెట్లు.

సందులో జాకెట్ మనిషి లేడు.

ఇంటి తలుపు... తీసే ఉంది!

గోవిందరాజు లోపలికి దూకుతాడు. దూకి, బిగుసుకుపోతాడు.

గోధుమరంగు జాకెట్ మనిషి బాసింపట్టు వేసుకుని చాప మీద కూర్చున్నాడు. ముందు కంచం. అన్నం కలుపుతున్నాడు.

రోజారాణి వడ్డిస్తోంది!

“ఏటలా సూస్తారు? సెయ్యి కాలీ నేక ఫోనెత్తనేదు. కాళ్ళు కడుక్కుని కూకోండి.”

“రోజా! ఈడు... ఈడు ఆళ్ళ మనిసి!”

ఆ మనిషి ఎడమచేత్తో జేబులోంచి కార్డు తీసి చూపిస్తాడు. కలకత్తా పోలీసు.

“నానే పిలిసినాను,” అంటుంది రోజారాణి. “వారం బట్టి నిద్దట్లో ఏడుస్తన్నావు. గుర్రం, నా పేరు, సంపేస్తారు... అంతా నిద్దట్లోనే సెప్పేసినావు.”

“నాకు చెప్పొచ్చు కదక్కా!” అంటాడు రమణబాబు.

“సెప్తే నువ్వు ఊరంతా టముకేస్తావు, తమ్ముడూ.”

ఎవరూ నవ్వరు.

ఆమె గోవిందరాజు కంచంలో అన్నం పెడుతుంది. చెయ్యి స్థిరంగా ఉంది.

“తిను. తిన్నాక ఈ పోలీసు దాదాతో ఎల్లి ఆళ్ళందరి పేర్లూ సెప్పెయ్.”

“నన్నూ జైల్లో పెడతారే, రోజా!”

“పెట్టనీ!” ఆమె ఇంకో గరిటె వడ్డిస్తుంది. “పేణాలతో ఉంటావు. రోజూ నాను కేరేజీ అట్టుకొస్తాను.”