మాటు వేసిన తలుపు

పాలు పొంగాయి. ఖతార్‌లో ఉమ్ సలాల్ ఊరు దాటాక ఎడారి అంచున ఉన్న ఆవుల ఫారంలో పాలకేం తక్కువ? పొంగించడానికి ఇల్లే ఇన్నాళ్ళూ తక్కువైంది. శోభ పొయ్యి తగ్గించి, మాడిన పాల వాసనను గుండెనిండా పీల్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు సొంత పొయ్యి. రాత్రి పడుకున్నది మొగుడి పక్కన, పొద్దున లేచిందీ అక్కడే.

నిన్నటిదాకా వాళ్ళది కాపురం కాదు, క్యాంపురం. నర్సింగ్ తోటి డ్రైవర్లతో పోర్టా క్యాబిన్‌లో. శోభ యజమాని విల్లాలో, వంటగది వెనక పనిమనిషి గదిలో. ఒకే దేశం, ఒకే యజమాని, మధ్యలో ఖర్జూరపు తోట. శుక్రవారం మధ్యాహ్నం ఆ తోటలో చాప వేసుకుని కూర్చుంటే, అదే దాంపత్యం.

అలాంటి వాళ్ళ కోసమే యజమాని వరసగా చిన్న ఇళ్ళు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, కప్పు పడింది, అంతలో యుద్ధం వచ్చింది. ఓడ ఆగింది, దాంతో ఈ వాడా ఆగింది. దోహా అంతా వెతికినా తలుపు చెక్క దొరకలేదు. తలుపుల్లేని ఆ ఇళ్ళు నోళ్ళు తెరిచిన మొహాల్లా నిలబడిపోయాయి. ఎక్కడో దూరంగా ఆకాశం దద్దరిల్లిన రాత్రుళ్ళు, ఇసుక గాలి ఆ నోళ్ళలోంచి ఊళ పెట్టేది.

తలుపున్న ఇల్లు మనుషులకు, లేనివి దాణా బస్తాలకు అని యజమాని తేల్చేశాడు. మర్నాడే నర్సింగ్ ఎక్కడినుంచో ఒక తలుపు తెచ్చాడు. దాని ఆకుపచ్చ రంగు ఇంకా చేతికి అంటుతోంది. ఎక్కడిదని శోభ అడిగితే, "తలుపు ఎక్కడిదైతేంది, తాళం మనదే గదా" అని నవ్వేశాడు.

ఆ తలుపును ఇప్పుడు బయటినుంచి ఎవరో గీకుతున్నారు.

చప్పుడు నేలకు జానెడు ఎత్తులో వినిపిస్తోంది. గీకడం, ఆగడం, మళ్ళీ గీకడం. నర్సింగ్ దాణా బండితో షెడ్డుకు వెళ్ళాడు. శోభ తలుపు తీసింది. చెవి సగం తెగిన బూడిదరంగు పిల్లి. అది ఆమె వైపు చూడలేదు. తలుపు బార్లా తెరిచి ఉన్నా లోపలికి రాలేదు. తలుపు కింద కొట్టిన రేకు మాటును పంజాతో తడుముతోంది, అక్కడ ఉండాల్సినదేదో పోయినట్టు.

శోభ దాన్ని గుర్తుపట్టింది.

ఆ పిల్లి తిరుమలది. తిరుమల ఆమె తమ్ముడు, ఇదే ఫారంలో ఆవులను కడిగేవాడు. మండుటెండలో డ్యూటీ దిగి క్యాబిన్‌లో పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. పిల్లి కోసం ఆ క్యాబిన్ తలుపుకు కంత కోసింది వాడే. "దీనికి వీసా ఎందుకక్కా, కంత సాలు" అనేవాడు.

చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటికి తాళం వేస్తారు, గడువు తీరేదాకా ఎవరూ గడప తొక్కరు. దాన్నే పాడుపెట్టడం అంటారు. తల్లి గౌరవ్వ ఊరినుంచి ఫోన్‌లో ఏడుస్తూ అదే చెప్పింది. ఊళ్ళో ఇంటికి చేసేదంతా శోభ ఇక్కడ రేకు క్యాబిన్‌కు చేసింది. ఆ తర్వాత అటువైపు నడవనే లేదు. గడువు ఇంకా తీరలేదు.

నర్సింగ్ టీకి వచ్చేసరికి ఆమె గడప అవతల, ఎండలో కూర్చుని ఉంది.

"ఇది తిరుమల తలుపు."

నర్సింగ్ చెప్పులు విడవబోయి ఆగాడు. "టీ పెట్టినవా?"

"కంతకు రేకు కొట్టినవ్, మీదికెల్లి రంగేసినవ్. పిల్లికి రంగు తెల్వదయ్యా. వాసన తెలుస్తది."

"ఓడలు బంద్ అయినయ్. మార్కెట్ల తలుపు మాఫీ, ఒక్కటన్న లేదు. నేను యాడికెల్లి తేవాలె?"

"పాడుపెట్టిన గది తెరిచినవ్. రాత్రంత వాని తలుపు ఏసుకొని నీ పక్కన పండుకున్న. కలల ఎవరో బయట నిలబడి, అక్కా, ఎటు నుంచి రావాలె అని అడుగుతున్నడు."

నర్సింగ్ ఏదో అనబోయేలోపు ఫోన్ మోగింది. గౌరవ్వ వీడియోలోకి వచ్చింది.

"దుబాయ్‌ల ఇల్లు సూపియ్యి బిడ్డా. తలుపుకు పసుపు రాసినవా?" ఏ గల్ఫ్ దేశమైనా ఆమెకు దుబాయే.

శోభ ఫోన్‌ను గోడకేసి తిప్పింది. "రాస్తనమ్మా."

"ముఖం గట్లున్నదేంది?"

"పాలు పొంగినయి. పొగ." ఫోన్ పెట్టేసి, లోపలికి వెళ్ళకుండానే చెయ్యి చాపి బ్యాగు లాక్కుంది. "నేను విల్లకు పోతున్న. ఆడ నా గది తలుపు ఎనుక ఎవరు సావలే."

"నువ్వు పోతె ఇల్లు పోతది శోభా. రేపే దాణా బస్తాలు దింపుతరు."

"బస్తాలకైతె నిద్ర పడ్తది. నాకు పట్టది."

అప్పుడే జీపు ఆగింది. దిగింది ఫారం మేనేజర్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ తెగ మనిషి, గుమ్మం పట్టనంత ఆకారం. పేరు హేమి. 'హేమి సార్' అని పిలిస్తే నర్సింగ్ నోట్లో అది 'ఏమి సార్' అయ్యేది. ఊళ్ళో వాళ్ళెవరైనా వింటే రోజూ ఆయన్ను నిలదీస్తున్నాడనుకునేవారు. కొత్త ఇంటికని రొట్టె తెచ్చిన ఆయన బ్యాగును చూశాడు, పిల్లిని చూశాడు. తలుపును చూసి టోపీ తీశాడు.

"దీని కోసమే నర్సింగ్ వెల్డర్ చెయ్యి పట్టుకుని ఆపాడు" అన్నాడు, వచ్చీరాని హిందీలో.

"సార్, చుప్" అన్నాడు నర్సింగ్. ఆలస్యమైపోయింది.

"ఎందుకు పట్టిండు?" శోభ అడిగింది.

నర్సింగ్ నేల చూపులు చూశాడు. "షెడ్డు గేట్లకు రేకు దొరకలే. పాత క్యాబిన్లన్ని కోయించిండ్రు. తాళమున్నది, పాడుపెట్టినమంటె ఎవడింటడు? మిషన్ పెట్టకముందే ఈ తలుపు ఒక్కటి పీక్కొచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వచ్చి చూస్తవ్. వాని గది కోస్తుంటె నువ్వు చూడొద్దనుకున్న."

హేమి గడప బయటే కూర్చుని నెమ్మదిగా చెప్పాడు, నర్సింగ్ తెలుగు చేశాడు. హేమి వాళ్ళ నానమ్మ కాలంలోనూ యుద్ధమే. సర్కారువాళ్ళు వ్యవసాయం చేసుకొమ్మని భూమి చూపించారు, ఇళ్ళు కడతామన్నారు. కలప, మేకులు, రేకులు అన్నీ పటాలానికే పోయాయి. మట్టినేల గుడిసెల్లో పిల్లలు దగ్గుతూ పెరిగారు. చివరికి నానమ్మ, చనిపోయిన కొడుకు గుడిసె పలకలు ఊడదీసి తన ఇంటి గోడ పూర్తి చేసింది. ఊరంతా వచ్చి, ప్రార్థన చేస్తూ ఆ ఇంట్లో మూలమూలా తొక్కుతూ తిరిగారు. తర్వాత అక్కడే కూర్చుని తిన్నారు.

"పోయినోన్ని ఎల్లగొట్టనీకా?" శోభ అడిగింది.

హేమి తల అడ్డంగా ఊపాడు. "వాడి దారి వాడికి, ఇల్లు మనుషులకు. కానీ ఆ పలక మీద చెయ్యి వెయ్యకుండా నానమ్మ ఏ రోజూ పడుకోలేదు."

శోభ ఖర్జూరపు తోట వెనక్కి చూసింది. తాను ఇన్నాళ్ళూ మనసులో కాపలా కాసిన గది అక్కడ లేదు. తమ్ముడిదంటూ ఈ దేశంలో మిగిలింది ఈ చెక్క ఒక్కటే. అదీ మొగుడు దొంగలా మోసుకొస్తే మిగిలింది.

"స్క్రూడ్రైవర్ ఇయ్యి."

నర్సింగ్ మొహం వాడిపోయింది. తలుపు ఊడదీస్తుందనుకున్నాడు. ఆమె నేల మీద కూర్చుని రేకు మాటు స్క్రూలు తిప్పసాగింది. చివరిది బిగుసుకుపోతే అతను వంగి ఆమె చేతి మీద చెయ్యి వేసి తిప్పాడు. రేకు ఊడింది. కంత బయటపడింది, తిరుమల చేతి కోత, వంకర టింకరగా.

తలుపు తెరిచే ఉన్నా పిల్లి కంతలోంచే దూరి లోపలికి వెళ్ళింది. దాని వెనకే శోభ గడప దాటింది, ఆమె వెనక మగవాళ్ళిద్దరూ. ముగ్గురూ రెండు గదులూ మూలమూలా తొక్కారు. పిల్లికి పాలు పోసి, రొట్టె తుంచుకుని తిన్నారు.

తర్వాత తల్లికి ఫోన్ చేసి, ఈసారి తలుపు వైపు తిప్పింది.

గౌరవ్వ తెరకు దగ్గరగా వంగింది. తిరుమల ఎన్నిసార్లు ఆ కంతను, పిల్లిని వీడియోలో చూపించి నవ్వించాడో.

"అది మన తిరుమల కోసిందే గదా బిడ్డా."

"అవునమ్మా."

"గడువు తీరలే."

"గది లేదమ్మా. కోసేసిండ్రు. ఇదొక్కటి నీ అల్లుడు తెచ్చిండు."

అవతల ఏడుపు వినిపించింది. దాని అడుగునుంచి, బావిలోంచి వచ్చినట్టు, గౌరవ్వ గొంతు:

"పసుపు రాయి బిడ్డా. కంత చుట్టు సుత రాయి."

శోభ పసుపు తడిపింది. ఆమె వేళ్ళు కంత అంచు మీద తిరుగుతుంటే బయటి గాలి అందులోంచి లోపలికి వచ్చి, పొయ్యి మంటను ఒక్కసారి వంచి, ఊరుకుంది.