మూడుసార్లు మూసుకుపోయిన ఫిల్టర్

"ఇందులోంచి చుక్క రాలదు. కావాలంటే మీరే నీళ్లు పోసి చూసుకోండి."

1962 జూన్ పదకొండు, సోమవారం. ఉదయం పదిన్నర. గూడూరు బజారులో చెంగయ్య ఇత్తడి సామాన్ల కొట్టు. బల్ల మీద ఒక కాఫీ ఫిల్టర్ ఠంగుమని దిగింది. దాన్ని దింపిన అమ్మాయి, కొట్లో ఉన్న యువకుడి వంక కాకుండా అతని వెనకున్న బిందెల వంక చూస్తోంది. కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాళ్ల మొహం చూస్తే కోపం తగ్గిపోతుందని ఆమె అనుభవం.

అతని పేరు మస్తానయ్య. చెంగయ్య కొడుకు. ఇరవై ఆరేళ్లవాడు. తండ్రి సరుకు కోసం ఊళ్లు తిరుగుతుంటే కొట్టు తనే చూసుకుంటున్నాడు.

ఆమె పుష్పకుమారి. గూడూరుకు తూర్పున మూడు మైళ్ల దూరంలో నిమ్మతోటలున్న హజరత్తయ్య కూతురు. నిమ్మకాయల బండి మార్కెట్టుకు వస్తుంటే అందులోనే వచ్చింది. తోడుగా నాయనమ్మ ఆదిశేషమ్మ. ఆ పెద్దామె గొడవలో కలగజేసుకోకుండా కొట్టు ముందున్న బెంచీ మీద కూర్చుని వక్కాకు సంచి విప్పుకుంది.

ఆ ఫిల్టర్ వాళ్లింటికి రావడానికి కారణం ఉంది. అంతవరకూ ఆ ఇంట్లో కాఫీ అంటే మరిగే నీళ్లలో పొడి వేసి గుడ్డతో వడగట్టేదే. కానీ ఇరవై ఒకటో తేదీ గురువారం నాడు పుష్పకుమారిని చూడటానికి మద్రాసు నుంచి పెళ్లివారు వస్తున్నారు. అబ్బాయికి హార్బరు ఆఫీసులో ఉద్యోగం. వాళ్లు రాసిన ఉత్తరంలో, మావాడికి ఫిల్టర్ కాఫీయే అలవాటు అని ఒక వాక్యం ఉంది. అది చదివిన సాయంత్రమే హజరత్తయ్య బజారుకు వచ్చి చెంగయ్య కొట్లో ఈ ఫిల్టర్ కొన్నాడు. ఆషాఢం రాకముందే పెళ్లి చేసేయాలని ఆయన పట్టుదల. పిల్ల ఒప్పుకుందా అని ఆయన్ను ఎవరూ అడగలేదు. పిల్లనూ ఎవరూ అడగలేదు.

మస్తానయ్య ఫిల్టర్ పై గిన్నెను ఊడదీసి వెలుతురుకు ఎత్తిపట్టాడు. అడుగున పదకొండు చిల్లులు మాత్రం మెరిశాయి. మిగతా అంతా చీకటి. గిన్నె వాసన చూశాడు.

"నిమ్మచెక్కా బూడిదా పెట్టి తోమినారా దీన్ని?"

పుష్పకుమారి తల్లి రాఘవమ్మ మూడు రోజులుగా చేస్తున్నది సరిగ్గా అదే. నిమ్మతోట ఉన్న ఇంట్లో ఇత్తడి సామాను ఇంకెట్లా తోముతారని పుష్పకుమారి ఎదురడిగింది. చెంబులకు అది సరే, ఫిల్టర్‌కు కాదన్నాడు మస్తానయ్య. బూడిద కాఫీ మడ్డితో కలిసి చిల్లుల్లో గట్టిపడుతుంది. నిమ్మపులుసు లోపలి తగరపు పూతను తినేస్తుంది. పూత పోతే చిలుం పడుతుంది. అప్పుడు ఎంత మంచి పొడి వేసినా కాఫీ నోట పెట్టలేరు.

"మా నిమ్మకాయలకు వంక పెట్టినోళ్లు గూడూరులో ఇంతవరకూ లేరు."

"వంక నిమ్మకాయలకు కాదండీ. తోమిన చేతులకు."

అప్పుడు ఆమె మొదటిసారి అతని మొహం చూసింది. అనుభవం అబద్ధం చెప్పలేదు. కోపం కాస్త తగ్గింది. అది ఆమెకు నచ్చలేదు.

మస్తానయ్య గిన్నెను ఉడుకు నీళ్లలో నానబెట్టాడు. బయటికి తీసి అడుగు నుంచి గట్టిగా ఊదాడు. మెత్తటి కుంచెతో రుద్ది మళ్లీ ఊదాడు. ఆ పని చేస్తూనే పద్ధతి చెప్పాడు. రోజూ ఉడుకు నీళ్లతో కడిగితే చాలు. సూదితో పొడవకూడదు, చిల్లు పెద్దదైతే పొడి దిగిపోతుంది. నిప్పుల మీద పెట్టకూడదు, తగరం కరిగిపోతుంది. కడిగాక బోర్లించి ఆరబెట్టాలి. చివరికి, మొత్తం నూట ఎనభై నాలుగు చిల్లులూ తెరుచుకున్నాయని గిన్నె చేతికిచ్చాడు. బేరాలు లేని ఒక మధ్యాహ్నం వాటిని లెక్కపెట్టాడట.

ఆమె నమ్మలేదు. గిన్నెను కంటికి దగ్గరగా పెట్టుకుని లెక్క మొదలుపెట్టింది. నలభై దాకా బాగానే సాగింది. నలభై ఒకటో చిల్లులో అతని కన్ను కనబడింది. లెక్క తప్పింది.

బెంచీ మీది ఆదిశేషమ్మ ఈలోగా మస్తానయ్యను మూడే మూడు ప్రశ్నలు అడిగింది. మీ ఇంటిపేరేంది? మీ అమ్మ పుట్టిల్లు యాడ? నువ్వు కాఫీ రోజుకు ఎన్నిసార్లు తాగుతావు? అతను ఇంటిపేరు చెప్పాడు. అమ్మది దగ్గర్లోని కోట ఊరు అన్నాడు. కాఫీ రెండుసార్లన్నాడు. ఆమె తలాడించి, సున్నపుకాయలోంచి వేలికొసతో కాస్త సున్నం తీసి ఆకుకు రాసుకుంది.

శుక్రవారం నాడు ఫిల్టర్ మళ్లీ వచ్చింది. మళ్లీ మూసుకుపోయింది.

ఈసారి పుష్పకుమారి గొంతు పెంచలేదు. అతను చెప్పిన పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. అన్నీ చేశానంది. తోమడం అమ్మ చేతిలోంచి తప్పించి తనే చూసుకుంటున్నానంది. మరి ఎందుకు మూసుకుంది?

మస్తానయ్య గిన్నె అడుగు చూశాడు. చిల్లుల్లో తెల్లగా ఏదో ఉంది. బూడిదే అనుకున్నాడు. ఆ మాటే అన్నాడు. ఆమె పక్కకు తిరిగి నిలబడింది. అరిచి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

అప్పుడే వాన మొదలైంది. తొలకరి వాన; చెప్పాపెట్టకుండా వచ్చి బజారును రెండు నిమిషాల్లో ఖాళీ చేసింది. ఆదిశేషమ్మ బెంచీని లోపలికి జరిపించుకుంది. బండి కదిలే వీలు లేదు. చేసేదేమీ లేక మస్తానయ్య ఫిల్టర్‌ను శుభ్రం చేసి, కొట్లో ఉన్న పొడితో కాఫీ పెట్టి చూపిస్తానన్నాడు.

పొడి వేసి, గొడుగులాంటి బిళ్లను పైన ఆనించాడు. గట్టిగా అదమకూడదు. మరిగి దించిన నీళ్లు చుట్టూ తిప్పి పోశాడు. మూత పెట్టాడు. ఇక చేసే పనేమీ లేదని, తొందరపడి మూత తీయకూడదని, గిన్నెను తట్టకూడదని చెప్పాడు. ఫిల్టర్‌లో డికాషన్ దిగేలోపు మనుషులకు మాట్లాడుకోవడం తప్ప వేరే దారి ఉండదు.

వాన చప్పుడులో ఒక్కొక్క చుక్కా కింది గిన్నెలో పడుతోంది. మద్రాసు అబ్బాయి ఎలాంటివాడని అతను అడిగాడు. అడగకూడని మాటని అడిగాక తెలిసింది.

"నాకేం తెలుసు? ఆయన ఉత్తరంలో కాఫీని గురించే ఉండాది. నన్ను గురించి ఏమీ లేదు."

"మీకు ఇష్టమేనా?"

"కాఫీనా?"

అతను మూత తీసి చూశాడు. అప్పటికి రెండోసారి తీసి చూడటం. తీయకూడదని అంతకు ముందే తను చెప్పాడు.

కాఫీ ఆమెకు నచ్చింది. నచ్చిందని చెప్పకుండా గ్లాసు ఖాళీ చేసింది. వాన వెలిసింది. బండి వెళ్లిపోయింది.

మంగళవారం, పంతొమ్మిదో తేదీ. పెళ్లిచూపులకు రెండు రోజులుంది. ఫిల్టర్ మూడోసారి వచ్చింది.

ఇంట్లో ఏం జరిగిందో పుష్పకుమారి గబగబా చెప్పింది. పొద్దున డికాషన్ దిగలేదు. నాయన మండిపడ్డాడు. గూడూరు కొట్టువాడు మోసగాడన్నాడు. ఈ ఒక్కసారి బాగుచేసి ఇవ్వకపోతే సామాను వాడి మొహాన కొట్టి రమ్మన్నాడు. అంతా చెప్పి ఆమె ఒక్క క్షణం ఆగింది.

"ఒక మాట అడుగుతా. నిజం చెప్పాల. మీరే చేస్తున్నారా ఇది?"

"ఏంది?"

"రెండు రోజులకు మూసుకుపోయేటట్టు ఏదో పెట్టి పంపిస్తున్నారా? మేం మళ్లీ మళ్లీ రావాలని?"

మస్తానయ్య మొహం ఎర్రబడింది. "ఆ మాట నేను మిమ్మల్ని అడగాలనుకున్నా. నాలుగు రోజుల నుంచి."

"నేనా? నేనెందుకు చేస్తా?"

"నేను మాత్రం ఎందుకు చేస్తా?"

ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరికీ ఆ నిజం నచ్చలేదు. అతను చేయలేదంటే, తను రావాలని అతనికి లేదన్నమాట. ఆమె చేయలేదంటే, ఇక్కడికి రావాలని ఆమెకు లేదన్నమాట. బల్లకు ఇటొకరు అటొకరు, అనవసరంగా నిజం చెప్పినవాళ్లలా నిలబడ్డారు.

మస్తానయ్యకు పనిలో పడటమే మేలనిపించింది. గిన్నెను ఎండలోకి తీసుకెళ్లి గోటితో ఒక చిల్లును గీకాడు. తెల్లటి పొడి రాలింది. బూడిద అయితే ఇంత తెల్లగా ఉండదు. కాఫీ మడ్డి అసలే కాదు. ఒక ఆలోచన వచ్చింది. బండిలోంచి ఒక నిమ్మకాయ తెమ్మన్నాడు.

"నిమ్మకాయ దీనికి శత్రువంటిరే?"

"ఈ ఒక్కసారికి సాక్షి."

కాయ కోసి, గిన్నె అడుగున నాలుగు చుక్కలు పిండాడు. తెల్లటి చోటల్లా బుసబుసమని నురగ పొంగింది.

అది సున్నం. తడి సున్నాన్ని చిల్లుల్లో మెత్తి ఆరబెట్టారు. ఫిల్టర్‌కు సున్నం దానంతట అది పట్టదు. ఎవరో వేలితో రాయాలి. ఆ ఇంట్లో రోజూ వేలితో సున్నం తీసేది ఒక్కరే.

ఇద్దరూ ఒకేసారి బెంచీ వైపు తిరిగారు. ఆదిశేషమ్మ ఆకు ఈనె తీస్తోంది. తల ఎత్తలేదు.

"పొంగిందా?" అంది.

పుష్పకుమారి నురగ పొంగుతున్న గిన్నె వంక చూసింది.

"ముందర నాలుగు సంబంధాలు వచ్చినాయి అబ్బయా," అంది ఆదిశేషమ్మ మస్తానయ్యతో. "ఒక్కదాన్ని గురించీ ఇది నాలుగు మాటలు మాట్లాడలా. ఆ సోమవారం ఈడ బండెక్కింది మొదలు ఇల్లు చేరేదాకా, మూడు మైళ్లు, చిల్లుల్ని గురించే మాట్లాడింది. నాకు చెవుల్లేవా?"

"అవ్వా, ఇక ఆపు," అంది పుష్పకుమారి.

అట్లయితే హజరత్తయ్యకు ఆ మాటే చెప్పొచ్చు కదా అని మస్తానయ్య అడిగాడు. కొడుకు తన మాట వినడని, ఫిల్టర్ మాటైతే వింటాడని ఆమె జవాబు. అది మూసుకుపోయిన ప్రతిసారీ పిల్లను తనే బండెక్కించి ఇక్కడికి పంపాడు. అంతకన్నా ఏం కావాలి?

"సున్నంతో డికాషన్‌ను ఆపినా," అంది ఆమె ఆకు మడుస్తూ. "మద్రాసు రైలును ఆపలేను. ఇక మీ ఇద్దరూ చూసుకోండి."

మస్తానయ్య గిన్నెను కడగడం మొదలుపెట్టాడు. పులుసు మిగలకుండా మూడుసార్లు ఉడుకు నీళ్లు పోశాడు. ఊదాడు. వెలుతురుకు పట్టి చూశాడు. పుష్పకుమారి అంతసేపూ అతని చేతుల వంకే చూసింది.

"మూసే ఇయ్యొచ్చు కదా," అంది మెల్లిగా. "గురువారం దాకా."

"మా కొట్టు నుంచి మూసుకుపోయిన ఫిల్టర్ పోదు." గిన్నెను బిగించి ఆమె ముందు పెట్టాడు. "తెరిచే ఇస్తా. ఇందులో మొదటి డికాషన్ ఎవరికి పోస్తారో అది మీ ఇష్టం. నేను రోజుకు రెండుసార్లు తాగుతా. అవ్వకు చెప్పినా."

"అవ్వకు చెప్తే సరిపోతుందా?"

"అందుకే మీకు చెప్తున్నా."

ఆమె ఫిల్టర్‌ను గుడ్డలో చుట్టింది. ముడి వేయడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది.

బుధవారం తెల్లవారింది. పుష్పకుమారి అందరికన్నా ముందు లేచి నీళ్లు మరిగించింది. పొడి వేసింది. గొడుగును అదమకుండా ఆనించింది. మూత పెట్టాక ఒక్కసారి కూడా తీసి చూడలేదు. చుక్కలు పడటం వింటూ, నాయనతో చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంది.

హజరత్తయ్య వసారాలో కూర్చుని మొదటి గుక్క తాగాడు. ఆగాడు. రెండో గుక్క తాగాడు. గ్లాసు ఖాళీ చేశాడు. ఆయన జీవితంలో తాగిన మొదటి మంచి కాఫీ అదే.

"రేపు పెళ్లివారికి ఇట్టాంటిదే పెట్టు."

"పెట్టను నాయనా."

ఆయన తలెత్తాడు. పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. మిగిలిన రెండు మాటలే చెప్పింది.

"ఇది పెట్టడం నేర్పించినాయనకు పెడతా. వేరేవాళ్లకు పెట్టను."

రాఘవమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది. ఆదిశేషమ్మ వచ్చి సున్నపుకాయను కొడుకు ముందు పెట్టి, ఫిల్టర్‌ను పాడుచేసింది ఎవరో, ఎందుకో నాలుగు ముక్కల్లో చెప్పింది. కొట్టువాడు మోసగాడు కాదని, మూసి ఇమ్మని అడిగినా తెరిచి ఇచ్చాడని కూడా చెప్పింది.

హజరత్తయ్య ఖాళీ గ్లాసును పక్కన పెట్టాడు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు. ఆ అబ్బాయి తల్లిది ఏ ఊరు? కోట అని, ఎవరింటి ఆడబిడ్డో, వరస ఎట్లా కలుస్తుందో ఆదిశేషమ్మ చెప్పింది. ఆమె అదంతా తొమ్మిది రోజుల కిందటే విచారించి పెట్టుకుంది.

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఫిల్టర్‌ను చంకన పెట్టుకుని, ఎక్కడికో చెప్పకుండా బండి కట్టించాడు. ఆదిశేషమ్మ అడగకుండానే బండెక్కింది.

పదకొండు గంటలకు చెంగయ్య కొట్లో బల్ల మీద ఫిల్టర్ ఠంగుమని దిగింది. మస్తానయ్య తలెత్తాడు. ఎదురుగా హజరత్తయ్య. వెనక పుష్పకుమారి లేదు. బజారులో బండి, బండిలో ముసలామె.

"మళ్లీ మూసుకుపోయిందా అండీ?" మస్తానయ్య కుంచె అందుకున్నాడు.

"లేదు. చిన్నదైపోయింది."

"అర్థం కాలా."

"మద్రాసుకు తంతి ఇచ్చి వస్తున్నా, రేపు రైలెక్కొద్దని." హజరత్తయ్య బెంచీ మీద కూర్చున్నాడు. "రేపు మీ అమ్మానాయనను తీసుకొని నువ్వు మా ఇంటికి రావాల. ఇది నలుగురికే సరిపోతుంది. పెద్దది తియ్యి."

మస్తానయ్య పై అరలోంచి కొట్లోకెల్లా పెద్ద ఫిల్టర్ దించాడు. దించేటప్పుడు పక్కనున్న రెండు చెంబులు కింద పడ్డాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. హజరత్తయ్య పై గిన్నెను ఊడదీసి, కూతురు చేయగా చూసినట్టే వెలుతురుకు ఎత్తిపట్టాడు.

"చిల్లులు ఎన్ని?"

"దీనివి నేను లెక్కపెట్టలేదండీ."

"సరేలే," అన్నాడు హజరత్తయ్య గిన్నె దించుతూ. "రేపు ఇద్దరూ కూర్చోని పెట్టుకోండి."

బండిలో ఆదిశేషమ్మ సున్నపుకాయ మూత బిగించి సంచిలో వేసుకుంది.