వరసలో నాలుగోవాడు

లువాంగ్వా ఏటి పక్కన ఎండిన మడుగొకటి ఉంది. దాని గట్టున సొరకాయలంత — సొరకాయలేంటి, దూడలంత కాయలు వేలాడే చెట్టు. పొద్దుగూకాక ఆ దారిన సింహాలే చుట్టు తిరిగి పోతాయి. ఇక మనుషుల సంగతి చెప్పాలా?

అదంతా సందులాని వల్ల.

ముప్పై ఏళ్లు దొరలు అడవి చూడ్డానికి నడుస్తుంటే వరస చివర టీ కెటిల్ మోసినవాడు. టీలో చక్కెర కాదు, చక్కెరలో టీ పోసేవాడు. ముందున్నవాళ్లు తొందరపడితే కెటిల్ మూత మీద టక్... టక్... అని కొట్టేవాడు — నెమ్మదిరా అని. పోయిన వానల్లో కన్నుమూశాడు. ఆ చెట్టు కిందే పాతిపెట్టి, అందరికీ చేసినట్టే అతని సామాను — ఆ కెటిల్ — అడుగున చిల్లు పొడిచి సమాధి మీద పెట్టారు. చిల్లు కెటిల్ ఎవడెత్తుకుపోతాడు?

అప్పట్నుంచి వరస చివర నడవడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం మలితకి పరీక్ష. తొమ్మిదేళ్లు క్యాంపు వంటింట్లో న్షిమా సంకటి కెలికిన మనిషి, నెగ్గితే దారి చూపే గైడు. ముందు తుపాకీతో లామెకి, వెనక మలిత, ఆ వెనక పరీక్ష పెట్టే న్యిరెండా.

"టీ లేని నడక ఏం నడకమ్మా? పది మార్కులు పోయాయి," అన్నాడు న్యిరెండా. "ఇక ఒక్క తప్పు చాలు. ఏమొచ్చినా పరుగెత్తకూడదు. పరుగెత్తావా — మళ్లీ గరిటే."

అంతలో నలభై ఏనుగులు... కాదు, నాలుగొందలు... దారి కట్టేశాయి. అవి కదిలేసరికి చీకటి. మిగిలింది మడుగు దారే.

"బాబాయ్, భయంగా ఉందా?" గుసగుసలాడింది మలిత.

"నాకా? గున్న ఏనుగుని చెవి పట్టి ఈడ్చినవాణ్ణే!" అన్నాడు లామెకి. పళ్లు మాత్రం కటకటలాడుతున్నాయి.

చెట్టు దగ్గరికొచ్చారు.

టక్...

ముగ్గురూ ఆగారు. ఆ చప్పుడూ ఆగింది.

నడిచారు. టక్... టక్...

"వెనకెవరున్నారు సార్?"

"నా వెనకా? నేనే ఆఖరు..."

అంతే — లామెకి తుపాకీ వదిలేసి చెట్టెక్కేశాడు. కోతులు కూడా అంత వేగంగా ఎక్కవు.

మలిత కాళ్లు వంటింటి వైపు లాగాయి. గరిట గుర్తొచ్చింది. ఉన్నచోటే నిలబడి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ గట్టిగా చరిచింది.

"ఎవర్రా అది?"

గడ్డిలోంచి రెండు పచ్చటి కళ్లు... కింద ఊగుతున్న కెటిల్... దుమ్ములగొండి! కెటిల్ పిడి దవడకి తగులుకుంది. తల విదిలించి, కెటిల్ అక్కడే పడేసి, వికవిక నవ్వుతూ పారిపోయింది.

న్యిరెండా పడీ పడీ నవ్వాడు. "ఇదా మీ దెయ్యం! నువ్వు అడుగు కదల్లేదు. నెగ్గావమ్మా."

మలిత కెటిల్ ఎత్తింది. బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. మూత తీస్తే ఆవిరి.

"ఏ క్యాంపు నుంచో కొట్టుకొచ్చింది," అంటూ న్యిరెండా సంచిలోంచి గ్లాసు తీశాడు. మలిత పోసింది. తాగాడు. "అబ్బ, ఎంత చక్కెర! ఆ పది మార్కులూ ఇచ్చేశా పో."

చెట్టు మీంచి సన్నటి గొంతు — "మలితా... దాని అడుగు చూడవే. మేకుతో పొడిచింది నేనే..."

మలిత కెటిల్ కింద తడిమింది. వేలు రెండో కణుపు దాకా దూరింది. చుక్క తడి లేదు.

లామెకి దిగాడు. వరసలో నిలబడ్డారు. క్యాంపు దీపం కనిపించగానే లామెకి అడుగులు వడివడిగా పడ్డాయి.

వెనక నుంచి — టక్... టక్...

కెటిల్ మాత్రం మలిత చేతిలోనే ఉంది. మూతతో సహా.