ఫ్యాను చప్పుడు

ఉధ్నా నేతవాడలో ఆ రోజు మగ్గాలకు సెలవు. మధ్యాహ్నం రెండున్నరకి, చీరల డిజైన్లు గీసే సాయికృష్ణను మేడ మీది అతని గదిలోనే ఎవరో ఇనుప రాడ్డుతో కొట్టి చంపారు. ఒక్క దెబ్బతో ఆపలేదు. కన్నతల్లి వచ్చినా ఆ ముఖాన్ని పోల్చుకోలేదు. పక్కనే చేత్తో గీసిన మామిడిపిందెల అంచు కాగితం, నెత్తుట్లో నానుతూ.

ఎస్సై సుప్రజ వచ్చేసరికి ఇంకో ప్రాణం పోయేలా ఉంది. సాయికి అన్నం డబ్బా తెచ్చిన మగ్గం కార్మికుడు రాజమల్లు, శవాన్ని ఒళ్లోకి తీసుకుని ఏడ్చాడు. చొక్కా అంతా నెత్తురే. పాపం, అదే అతని నేరమైంది. జనం చెయ్యి విరగ్గొట్టారు. కానిస్టేబుళ్లు అతన్ని కింద గోదాములో పెట్టి తాళం వేస్తే, ఇప్పుడు తలుపు మీద బండరాళ్లు పడుతున్నాయి.

"బయటికి తోలుండ్రి! ఈడనే సంపుతం!"

ఆ తలుపు ఎంతసేపు ఆగుతుంది?

సుప్రజ పైకి పరుగెత్తింది. వరసగా మూడు గదులు. మధ్యలో చెక్క గోడలే. ఈ చివర సాయి, నడుమ అతనిలాగే డిజైన్లు చేసే సుహాస్, ఆ చివర మనవడితో లలితమ్మ.

"ఏం విన్నవ్, లలితమ్మా?"

"కేక బిడ్డా! పండుకున్న మనవడు ఉలిక్కిపడి లేచిండు. ఉరికొచ్చి చూస్తే రాజమల్లు ఒళ్లో పోరడు."

"మధ్యాహ్నం పిలగాడు రోజూ పంటడా?"

"ఏడ పంటడు? సుహాస్ లాప్‌టాప్ ఫ్యాను ఒకటే మొత్తుకుంటది. పొద్దుగాల సాయితో జెప్పుకున్న. సుహాస్ నీళ్లకు పోయినప్పుడు ఆ గదిలకు పోయొచ్చి, 'పెద్దమ్మా, ఇగ నీ మనవడు నిద్రపోతడు' అన్నడు. గదే ఆఖరి మాట."

సుప్రజ సుహాస్ గదిలోకి వెళ్లింది. అతను అప్పుడే స్నానం చేసి, తల తుడుచుకుంటున్నాడు.

"కేక వినలేదా?"

"ఏం కేక మేడం? భోజనం కాడ్నుంచి డిజైన్‌ను పూర్తి బొమ్మ చేసే రెండర్ నడుస్తుండె. ఈ ఫ్యాను మగ్గం లెక్క అరుస్తది. బాజూల బాంబు పేలినా వినబడదు. ఎవల్నన్న అడుగుండ్రి."

"అదే డిజైన్ ఇప్పుడు నడుపు."

"ఇప్పుడెందుకు?"

"జల్దీ!"

తెర మీద మామిడిపిందెల అంచు వచ్చింది. కింద సుహాస్ పేరు. పని మొదలైంది. పది శాతం. ఇరవై. కింద తలుపు చెక్క పెళ్లున చీలింది. గదిలో మాత్రం, చంటిపిల్లాడి ఊపిరంత చప్పుడు కూడా లేదు.

సుహాస్ లాప్‌టాప్‌కి చెవి ఆనించాడు. ముఖం పాలిపోయింది.

"రోజూ అరుస్తది మేడం... ఒట్టు!"

"నిన్నటిదాకా. పొద్దుగాల నువ్వు నీళ్లకు పోయినప్పుడు సాయి వచ్చి, ప్రాసెసర్‌కు పోయే వోల్టేజ్ తగ్గించిండు. సెట్టింగుల చూడు. మరీ తగ్గిస్తే మిషన్ మధ్యలో ఆగిపోతది. చూసి తగ్గిస్తే అదే పని, వేడి తక్కువ. వేడి లేకుంటే ఫ్యాను ఎందుకు మొత్తుకుంటది?"

"తర్వాత చేసిండేమో!"

"చచ్చినోడు లేచొచ్చి చేసిండా? మధ్యాహ్నం నువ్వు దీన్ని ముట్టనే లేదు. ముడితే నీకే తెలుస్తుండె." సుప్రజ తెర వైపు వేలు చూపించింది. "వోల్టేజ్ మార్చి, పరీక్షకు ఈ డిజైన్ తెరిచిండు. తాను గీసిందే. కింద నీ పేరు. నిన్ను నిలదీసిండు. అంతేనా?"

"దొంగ అన్నడు! నన్ను!"

బట్టలు కోసే కత్తెర గాల్లో లేచింది. సుప్రజ భుజం చీరుకుపోయింది. ఆమె లాఠీ ఒకే ఒక్కసారి తిరిగింది. మణికట్టు విరిగి సుహాస్ అరిచిన అరుపు కింద జనం దాకా వినిపించింది. మంచం కింద, తడి తువ్వాలులో చుట్టిన రాడ్డు దొరికింది.

రాడ్డు చంకలో పెట్టుకుని, సుహాస్‌ను జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చింది. "వీడే. ఇగ రాళ్లు కింద పడేయుండ్రి." రాళ్లు ఒక్కొక్కటే జారాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

చీలిన తలుపు తీశారు. రాజమల్లు మూలకు ముడుచుకుని, రెండు చేతులూ తల మీద కప్పుకుని కూర్చున్నాడు.

"లే రాజమల్లన్నా. ఇగ ఎవలూ కొట్టరు."

చాలాసేపటికి ఒక చెయ్యి దించాడు. విరిగిన రెండోది దిగలేదు.