మూడు కేకల బావి

చెవ్వందిపట్టి దాటాక వచ్చే మోటబావి గురించి ఆ ఊళ్ళో ఒక తగువు ఇప్పటికీ తేలలేదు. పొద్దు గూకాక అటుగా వెళ్ళిన ముసలివాళ్ళు బావి గట్టు మీంచి ఆడగొంతు వినబడేదంటారు. వాళ్ళ తర్వాతివాళ్ళు కాదు, మగగొంతేనని ఒట్టేసి చెబుతారు. మాటలు మాత్రం అందరూ ఒకటే చెబుతారు — “వస్తున్నా తల్లీ... వస్తున్నా.”

రెండూ నిజమే. అదెలాగో నేను విన్నది విన్నట్టు చెబుతాను.

సడైయాండి ఖూనీల పాటలు పాడేవాడు. మదురై చుట్టుపక్కల ఎక్కడ హత్య జరిగినా వారం తిరక్కుండా పాట కట్టి, అచ్చు వేయించి, సంతల్లో కంజీర వాయిస్తూ పాడి, అణాకో పుస్తకం అమ్మేవాడు. ఆ పాటగాళ్ళకొక కట్టుబాటు ఉంది — ఖూనీ జరిగిన ఊళ్ళో అడుగు పెట్టకూడదు. పోయినవాళ్ళ తాలూకు మనుషులుంటారు, ఎముకలు విరగ్గొడతారు. అందుకని కోర్టు వరండాలో విన్నంత వినడం, మిగిలింది సొంతంగా అల్లుకోవడం.

అతనికి కూడు పెట్టింది పొన్నుత్తాయి పాట. చెవ్వందిపట్టి పిల్ల. మొగుడు అనుమానంతో కొడవలితో నరికి మోటబావిలో తోశాడు. వాణ్ణి ఉరి తీశారు. పాటలో ఆ పిల్ల బావిలోంచి, కూతవేటు దూరంలో నిద్రపోతున్న తల్లిని మూడుసార్లు పిలుస్తుంది. “అమ్మా...” అని ఒకసారి. కంజీర మీద రెండు దెబ్బలు. “అమ్మా...” అని మళ్ళీ. మూడో కేకకి కంజీర ఆపేసేవాడు. సంతంతా ముక్కు చీదుకునేది.

ఆ మూడు కేకలూ అతను అచ్చాఫీసు అరుగు మీద కూచుని కట్టినవి. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు.

పదకొండేళ్ళు గడిచాయి. ఒక సంతనాడు ఆఖరి బస్సు తప్పిపోయింది. తెల్లారేసరికి అవతలి సంతకి చేరాలంటే చెవ్వందిపట్టి పొలాలకి అడ్డంపడి నడవాలి. టీకొట్టు మొక్కచ్చామి గ్లాసులు కడుగుతూ నవ్వాడు.

“ఇన్నేళ్ళూ ఆ పిల్ల పేరు చెప్పుకునేగా తిన్నావు అన్నా. ఒక్కసారి పలకరించి పో.”

వెనక్కి తగ్గితే నలుగురిలో నవ్వులపాలు. కంజీర చంకన పెట్టుకుని బయల్దేరాడు. పెళ్ళాం పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. ఏ ఊళ్ళో అయినా తన కోసం దీపం పెట్టుకుని కూచునేవాళ్ళు లేరు. చేరినా, చేరకపోయినా అడిగేవాళ్ళూ లేరు.

వెన్నెల లేదు. కోసేసిన జొన్న మోళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. చాలాసేపు నడిచాక చీకట్లో రెండు రాతి స్తంభాలు కనబడ్డాయి. మోట తోలిన రోజుల్లో గిలక వాటి మధ్య ఉండేది. ఖూనీ తర్వాత ఎవరూ నీళ్ళు తోడలేదు. పూడిక పడి బావి ఎండిపోయింది.

తల వంచుకుని దాటిపోదామనుకున్నాడు. అప్పుడు —

“వస్తున్నా తల్లీ... వస్తున్నా.”

టక్కున ఆగిపోయాడు. గట్టు మీద ఏదో కదిలింది. వెనక్కి అడుగేశాడు. చంకలో కంజీర బిళ్ళలు గలగలమన్నాయి.

“ఆ చప్పుడు నేనెరుగుదును,” అంది గట్టు మీది ఆకారం. “పాటగాడివి కదూ తమ్ముడూ. భయపడకు. నేను దాని అమ్మని.”

దగ్గరికెళ్ళి చూశాడు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కూచున్న ముసలమ్మ. పేరు రాక్కాయి. తన గుడిసె అదిగో ఆ చింత పక్కనేనంది. పాట వినేదాకా కూతురు తనని పిలిచిందని తెలియదట. సంతలో ఆ పాట విన్న రోజు నుంచి రాత్రి పడుకోవడం మానేసింది. దెయ్యముందని జనం ఈ దారి మానేశారు. తనకదే మంచిదైంది, అడ్డొచ్చేవాళ్ళు లేరు అని చెప్పింది.

“ఎప్పుడైనా వినబడిందా అక్కా?” అన్నాడు.

“లేదు. అప్పుడు నేను పలకలేదు కదా. అందుకే అది పిలవకముందే పలుకుతున్నా.”

అతనివైపు తిరిగి కూచుంది. తర్వాత మెల్లిగా అడిగింది.

“కోర్టులో ఎవరు చెప్పారు తమ్ముడూ, మూడుసార్లు పిలిచిందని? ఆ రోజు జొన్నలు నూర్చి ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను. లేకపోతే వినేదాన్నే.”

ఎవరో సాక్షి పేరు నాలిక చివరిదాకా వచ్చింది. ఒక్క పేరు చెబితే పాట బతుకుతుంది. రేపటి సంతా బతుకుతుంది. ఈవిడ మాత్రం ఈ గట్టు మీదే పోతుంది.

“ఎవరూ చెప్పలేదక్కా. నేనే కట్టాను. కోర్టులో డాక్టరు చెప్పింది వేరు... ఒక్క వేటుకే పోయిందట. బావిలో పడేసరికి ప్రాణం లేదు.”

కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు.

“పిలవలేదా?”

“పిలవలేదు.”

రాక్కాయి చీర దులుపుకుని లేచింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది —

“ఈ ఒక్క మాట చెప్పడానికి పదకొండేళ్ళు ఊళ్ళోకి రాలేకపోయావా తమ్ముడూ?”

చీకట్లో కలిసిపోయింది. కాసేపటికి గుడిసె తలుపు కిర్రుమని మూసుకున్న చప్పుడు గట్టు దాకా వినబడింది.

సడైయాండి కంజీర పక్కన పెట్టి గట్టు మీద కూచుని, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. పాట పోయింది. పోనీ. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒళ్ళు తేలికైనట్టుంది. కంజీర తీసుకుని లేవబోయాడు...

“అమ్మా...”

కింద నుంచి. ఎండిన బావిలోంచి.

కంజీర మీద రెండు దెబ్బలు పడేంత సందు. సరిగ్గా అంతే.

“అమ్మా...”

ఈసారి ఇంకాస్త గట్టిగా. తను కట్టిన వరసే, తను సాగదీసే సాగతీతే. మూడోది ఎలా ఉంటుందో అతనికి తెలుసు. సంత చివరన ఉన్నవాళ్ళకి కూడా వినబడాలని, ఊపిరంతా పోసి కట్టాడు దాన్ని.

గుడిసె వైపు చూశాడు. ఆవిడ ఇప్పుడే పడుకుని ఉంటుంది.

సడైయాండి బావిలోకి వంగాడు.

“వస్తున్నా తల్లీ... వస్తున్నా.”

మూడో కేక రాలేదు. గట్టు మీద కూలబడి తెల్లవార్లూ అదే మాట అంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఏ సంతలోనూ అతని కంజీర మోగలేదు.

రాక్కాయి మాత్రం ఆ రాత్రి పొద్దెక్కేదాకా నిద్రపోయిందట.